తరుగు పోను మిగిలిన బరువు

మార్చి రెండో తేదీ, ఆదివారం, పొద్దున పదకొండు గంటలకు ఈ జ్ఞాపకం మళ్ళీ మొదలైంది. హనుమకొండలోని మా ఇంటి ముందుగదిలో నా కూతురి కొడుకు వంశీ సోఫాలో అడ్డంగా పడుకుని సెల్‌ఫోనులో ఏదో చూస్తున్నాడు. సెలవునాడు వాడు నా దగ్గరకు వచ్చి మధ్యాహ్నం భోజనం చేసి పోవడం అలవాటు. గడచిన కొన్ని దశాబ్దాల బాక్సర్లలో ఎవరు అందరికంటే గొప్పవారో చెప్పే వరుస ఒకటి ఎవరో తయారు చేసి పెట్టారట. అందులో వంద కిలోలు దాటిన భారీ మనిషీ ఉన్నాడు, యాభై కిలోలు నిండని బక్కమనిషీ ఉన్నాడు. బక్కమనిషిని పైన, భారీ మనిషిని చాలా కింద పెట్టారు. అది వాడికి మింగుడుపడలేదు.

"అమ్మమ్మా, గీ పెద్దాయన ఒక్కటి పీకితే ఆ చిన్నాయన గోడకు అతుక్కుంటడు. మరి పైకెట్ల ఎక్కిండు? బరువు కలువనోళ్ళను ఒక్క లిస్టుల ఎట్ల పెడ్తరు?"

నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. తల ఎత్తకుండానే, "తరుగు తీసి పెడతారు," అన్నాను.

"తరుగంటే?"

ఆ మాట నా నోట వచ్చి చాలా ఏళ్ళయింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసిన వెంటనే పళ్ళెం ఎత్తుకుని లేచాను. చిక్కుళ్ళు కడగాలన్న నెపంతో వంటింట్లోకి వెళ్ళి, చాలాసేపు అక్కడే ఉండిపోయాను. వాడికి ఆ రోజు చెప్పలేని జవాబును ఇక్కడ రాస్తున్నాను.

మా బాపు, అంటే మా నాన్న, కొమురయ్య వరంగల్ గంజిలో, అంటే మిర్చి మార్కెట్టులో, దడువాయి. రైతులు తెచ్చిన మిర్చి బస్తాలను కాంటా మీద తూచి, ఆ బరువును పది మందికీ వినబడేటట్టు రాగం తీసి చెప్పే మనిషిని మావైపు దడువాయి అంటారు. తూగిన బరువు మొత్తానికి ధర కట్టరు. గోనెసంచి బరువు కొంత తీసేస్తారు. కాయలో తడి ఉంటే దానికి కొంత, రంగు వెలిసిన తాలుకాయ కలిసి ఉంటే దానికి కొంత తీసేస్తారు. ఇట్లా తీసేసేదే తరుగు. బాపు బస్తాలో మోచేతి దాకా చెయ్యి దూర్చి, గుప్పెడు కాయలు పైకి తీసి, చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడించి తరుగు ఎంతో చెప్పేవాడు. ఆ చప్పుడులోనే ఆయనకు తడి తెలిసేది. రైతు గొణిగినా, సావుకారి సణిగినా చివరకు ఇద్దరూ ఆయన మాటకే ఒప్పుకునేవారు. సాయంత్రం ఇంటికి రాగానే ఆయన బెల్లం నీళ్ళతో చేతులు కడుక్కుని, ఆ పైన మంచినూనె రాసుకునే దాకా మమ్మల్ని ముట్టుకునేవాడు కాదు. అయినా మా ఇల్లంతా మిర్చి ఘాటే. దుప్పట్లలో, తలుపు సందుల్లో, నా పుస్తకాల అట్టల్లో కూడా అదే వాసన. కొత్తగా వచ్చిన చుట్టాలు గడపలోనే తుమ్మేవారు. నాయనమ్మ చుట్ట ఆర్పి, "ఇగో, మనోళ్ళు కానోళ్ళు వచ్చిండ్రు," అని లోపలికి కబురు చెప్పేది.

బాపు తమ్ముడు సాంబయ్య మాతోనే ఉండేవాడు. మేము చిన్నబాపు అనేవాళ్ళం. గంజిలోనే హమాలి, బస్తాలు మోసేవాడు. కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి మానుకున్న ఖాసిం మాస్టర్ అనే పెద్దమనిషి పాత షెడ్డు ఒకటి తీసుకుని బాక్సింగ్ నేర్పే తాలీంఖానా నడిపేవాడు. బస్తాలు దింపడానికి అటు వెళ్ళిన చిన్నబాపు ఒకరోజు అక్కడ ఆగి చూశాడట. మరునాటి నుంచి పొద్దున్నే సైకిల్ మీద కాజీపేటకు పోయి, బాక్సింగ్ నేర్చుకుని, తిరిగి వచ్చి బస్తాలకు ఎక్కేవాడు. మా ఇంట్లో బట్టలారేసే తీగ మీద అవ్వ చీర పక్కనే ఆయన చేతికట్లు వేలాడుతుండేవి. మా అమ్మను మేము అవ్వ అనేవాళ్ళం. ఆమె ఆ కట్లను ఉతుకుతూ, "పెండ్లి గాని పిలగానికి నేను పట్టీలు ఉతుకుడేంది," అని నవ్వేది. గంజిలో తోటి హమాలీలు ఆయనను ఊరికే ఉండనిచ్చేవారు కాదు. "సాంబన్నా, గుద్దులెందుకే? మిర్చి చెయ్యి ఒక్కసారి వాని కండ్లకు రుద్దిరా, పోటీ అయిపోతది," అనేవారు.

మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషిని నేను. కాలేజీకి పంపాలా వద్దా అని బాపు వెనకాడుతున్నప్పుడు చిన్నబాపు నా తరఫున నిలబడ్డాడు. "ఇంటికి ఒక్కలన్న ఎత్తిపోసుడు కాకుండ వేరే పని నేర్వాలె అన్నా. నేను ఎట్లా మోస్తనే ఉన్న గదా," అన్నాడు. డిగ్రీ పరీక్షలకు నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయింది ఆయనే. "పంతులమ్మా, గట్టిగ పట్టుకో" అని వెక్కిరించేవాడు. తొలి జీతం అందుకునే దాకా నన్ను పంతులమ్మ అని పిలిచిన మనిషి ఆయన ఒక్కడే.

ఆదివారం గంజి బందు. ఆ మధ్యాహ్నాలు మా అరుగు మీద నలుగురు కూడేవారు. బాపు, చిన్నబాపు, ఖాసిం మాస్టర్, మిర్చి సావుకారి విశ్వనాథం. మాస్టర్ ఎక్కడెక్కడివో ఇంగ్లీషు పత్రికలు, వాటిలోంచి కత్తిరించిన బాక్సింగ్ వార్తలు చంకలో పెట్టుకుని వచ్చేవాడు. నేను గడపలో కూర్చుని వాటిని చదివి తెలుగులో చెప్పాలి. అది నాకు కాలేజీ చదువుకంటే కష్టంగా ఉండేది. ఆ విదేశీ పేర్లు బాపు నోట పలకవు కనుక ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరు పెట్టుకున్నారు. పిండిమరలా ఆగకుండా కొట్టేవాడు గిర్నీ. ఎడమచేత్తో టకటక కుట్టేవాడు దర్జీ. గుమ్మం నిండేటంత పెద్దవాడు దర్వాజ. అందరికంటే తేలికైన, సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి ఊదుబత్తి. ప్రపంచంలో వీళ్ళందరిలోకి గొప్పవాడు ఎవరన్నది ఆ అరుగు మీది తగువు. బరువులు వేరు, ఒకరితో ఒకరు ఎన్నటికీ తలపడరు. అందువల్ల ఆ తగువు తెగేది కాదు. బాపు తన గంజి లెక్క తెచ్చి దానికి అంటించిన తరువాతే అది ఒక దారికి వచ్చింది.

"దర్వాజ ముప్పై మందిని పండవెట్టిండు. ఆయనే ఫస్టు," అన్నాడు విశ్వనాథం సావుకారి ఒక ఆదివారం.

"ముప్పైల తాలెంత?" అన్నాడు బాపు.

వాళ్ళలో చాలామంది వయసు మళ్ళినవాళ్ళేనని పత్రికలో ఉన్నది చదివి చెప్పాను.

"సగం తాలు తీసెయ్యి. ఇగ అవతలోని కన్న జానెడు పొడుగు, అది గోనె. తీసెయ్యి. నాలుగు రౌండ్లు కాంగనే ఎగపోస్తడంటివి గదా బిడ్డా, అది తడి. అదీ తీసెయ్యి. ఇగ మిగిలిందెంత సావుకారీ?"

"నీ చేతుల పడ్డంక ఇంకేం మిగుల్తది, సంచి తప్ప."

మాస్టర్ గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "వాహ్ కొమురన్నా. బాక్సర్లకు గూడ తరుగు పెట్టినవ్."

లోపలి నుంచి నాయనమ్మ, "ఆదివారం గూడ ఇంట్ల కాంటేనా? బస్తాలయినయి, ఇగ మనుషులను తూస్తాండ్రు," అని అరిచింది.

ఆ లెక్క మాకందరికీ నచ్చింది. నాకు మరీ నచ్చింది, ఎందుకంటే మా బాపు తెలివి ఇంగ్లీషు పత్రిక రాసేవాళ్ళ తెలివికి తీసిపోదని నాకు ఋజువు దొరికినట్టయింది. వారం వారం కొత్త కబురు వచ్చినప్పుడల్లా ఒకరు పైకి, ఒకరు కిందికి జరిగేవారు. కానీ ఊదుబత్తి మాత్రం మొదటి స్థానం నుంచి కదిలేవాడు కాదు. "ఆయనల తీసేటందుకు ఏం లేదు. అంతా సరుకే," అనేవాడు బాపు. అట్లా మా అరుగు మీద ఏళ్ళ తరబడి ఒక నమ్మకం తయారైంది. మనిషిలో బరువు చాలావరకు తరుగే, తీసేయగలిగినంత తీసేస్తే మిగిలేదే అసలు మనిషి అన్న నమ్మకం.

చిన్నబాపు అరవై కిలోల తరగతిలో ఆడేవాడు. జిల్లాలో ఆయనకు ఎదురు లేదు కానీ రాష్ట్ర పోటీలో రెండుసార్లు తనకంటే పొడుగువాళ్ళ చేతిలో ఓడి వచ్చాడు. రాష్ట్రంలో గెలిస్తే ఆటగాళ్ళ కోటాలో రైల్వే ఉద్యోగం దొరికే అవకాశం ఉందని మాస్టర్ తెలుసుకుని వచ్చాడు. వయసు దాటిపోవడానికి ఒక్క ఏడాదే మిగిలింది. ఆ ఉద్యోగం వస్తే బస్తాలు ఉండవు. అప్పటికే పొద్దున లేచేటప్పుడు ఆయన గోడ పట్టుకుని నడుము సర్దుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఇంట్లో అందరం మనసులో ఆ ఉద్యోగాన్నే పెట్టుకుని ఉన్నాం.

ఆ ఎండాకాలం ఒక ఆదివారం బాపు మాట మధ్యలో ఆగి తమ్ముడి వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. అది బస్తాలో చెయ్యి పెట్టే ముందు చూసే చూపు.

"సాంబడు అరువై కిలోలల్ల నాలుగోడో అయిదోడో. యాభై నాలుగుల నిలవడ్తే వాన్ని ముట్టేటోడు లేడు," అన్నాడు.

"పచ్చికాయ ఎండితే ఘాటు తగ్గుతదా?" అన్నాడు సావుకారి. "బరువే తగ్గుతది. మనోడు పచ్చి మిర్చి కొమురయ్యా. ఎండబెట్టు."

చిన్నబాపు నవ్వాడు. "నన్ను గూడ కాంటెక్కిస్తానవా అన్నా? అయితే గోనె తరుగు తియ్యి, లుంగీ మస్తు బరువున్నది."

మాస్టర్ మాత్రం నవ్వలేదు. "ఉరికియ్యి, చెమట తియ్యి, అన్నం జర తగ్గియ్యి. గంతే. నీళ్ళు బంద్ చెయ్యకు కొమురన్నా. ఆరు కిలోలు మస్తు ఎక్కువ. టైం లేదు," అన్నాడు. పేర్లు రాయించడానికి, ఇతర పిల్లలను చూసుకోవడానికి ఆయన పోటీ జరిగే హైదరాబాదుకు ముందుగానే పోవలసి వచ్చింది. పోతూ పోతూ గడపలో ఆగి ఆ మాటే మరొకసారి చెప్పాడు.

సావుకారి గోదాము రేకుల కప్పు. మధ్యాహ్నం లోపల నిలబడితే ఊపిరి కాలేది. ఆ రేకుల కింద, చుట్టూ మిర్చి రాశుల మధ్య, నల్ల గొంగడి కప్పుకుని చిన్నబాపు గుంజీలు తీసేవాడు, తాడు ఎగిరేవాడు. సాయంత్రం బాపు ఆయనను బస్తాలు తూచే కాంటా మీద నిలబెట్టి, గంజిలో పాడినట్టే రాగం తీసి బరువు చెప్పేవాడు. మొదట్లో అది పండుగలా ఉండేది. హమాలీలు చుట్టూ చేరి చప్పట్లు కొట్టేవారు. అవ్వ ఒక గంటెడు అన్నం, ఎండుచేప ముక్క పెట్టేది. నాయనమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. "మనిషిని ఎండబెట్టుడేంది కొడుకా? కాయనా ఆడు?" అని బాపును నిలదీసింది. "నీకు తెల్వదు, నువ్వూకో," అన్నాడు బాపు. తల్లికి ఎదురు మాట్లాడడం ఆయనకు అలవాటు లేదు.

రోజులు గడిచే కొద్దీ కాంటా ముల్లు మొండికేసింది. పోటీ దగ్గర పడింది. అప్పుడు నీళ్ళు ఆపేశారు. చిన్నబాపు చింతపండు చప్పరించి, ఊరిన ఉమ్మిని డబ్బాలో ఉమ్మేసేవాడు. ఆ డబ్బా చూసి బాపు, "గిదంతా తరుగే," అనేవాడు సంతోషంగా. పెదవులు పగిలి, బుగ్గలు లోపలికి పోయి, కళ్ళు మాత్రం పెద్దవై చిన్నబాపు మా ఇంట్లో తిరుగుతుంటే నాకు ఆయన వైపు చూడడం కష్టమయ్యేది. ప్రయాణం నాటి పొద్దున బాపు స్నానానికి పోయినప్పుడు నేను గ్లాసెడు నీళ్ళు తీసుకుపోయి ఆయన చేతికి ఇవ్వబోయాను. ఆయన గ్లాసును తీసుకోలేదు. నీటిని మాత్రం చూశాడు. "వద్దు పంతులమ్మా. ఇంత దూరమొచ్చినం. అన్న ఎప్పుడు తాగుమంటే అప్పుడు తాగుత," అన్నాడు. నాలుక అంగిటికి అతుక్కుని మాట సగమే బయటికి వచ్చింది.

హైదరాబాదులో జరిగినదంతా బాపు, మాస్టర్ తరువాత చెప్పగా తెలిసినదే. అక్కడి తూకంలో చిన్నబాపు సరిగ్గా యాభై నాలుగు తూగాడు. ముందుగానే వచ్చి ఉన్న మాస్టర్ ఆయన ముఖం చూసి బాపు మీద అరిచాడట, ఆట మానిపిద్దామన్నాడట. చిన్నబాపే ఒప్పుకోలేదు. సోడా తాగాడు, రెండు అరటిపండ్లు తిన్నాడు, అదే రోజు సాయంత్రం రింగులోకి దిగాడు. మొదటి రౌండులో బాగానే ఆడాడు. రెండో రౌండులో ఆయన గుద్దు అవతలివాడికి తగిలినా వాడు కదలలేదట. మూడో రౌండులో చేతులు కిందికి వేలాడి, తలకు తగిలిన ప్రతి దెబ్బకు కొంచెం నవ్వినట్టు కనిపించాడట. కానీ ఒక్కసారి కూడా కిందపడలేదు. పాయింట్ల మీద ఓడిపోయాడు. రింగు దిగి తలనొప్పి అన్నాడు, తరువాత నిద్రపోయాడు. దవాఖానకు తీసుకుపోదామని మాస్టర్ అంటే, అలిసిపోయిన మనిషికి నిద్ర మంచిదని బాపు అన్నాడు. మరునాడు పొద్దున కాజీపేట స్టేషన్‌లో నేను, అవ్వ ఎదురు వెళ్ళాం. బాపు, మాస్టర్ ఇద్దరూ రెండు వైపులా పట్టుకుని ఆయనను రైలు పెట్టెలోంచి దింపారు. కుడికాలు నేల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. ఆయన నా వైపు చూసి ఏదో అనబోయాడు, నోట్లోంచి మాట రాలేదు.

దవాఖానలో డాక్టరు తలలో రక్తం గడ్డకట్టిందని చెప్పాడు. ఒంట్లో నీరు అంతగా ఇంకిపోయిన మనిషి తలకు దెబ్బలు తినడం ఎంత ప్రమాదమో మెల్లగా, కోపం లేకుండా వివరించాడు. ఆ తరువాత, "ఇన్ని రోజులు నీళ్ళు ఎందుకు ఆపారు?" అని అడిగాడు.

"తరుగు తీసినం సారూ," అన్నాడు బాపు.

డాక్టరు కోస్తా మనిషి. అర్థం కాక నా వైపు చూశాడు. ఎన్నో ఆదివారాలు ఇంగ్లీషును తెలుగు చేసి చెప్పిన నేను, మా బాపు తెలుగును మరొక తెలుగులోకి మార్చి ఆ డాక్టరుకు చెప్పవలసి వచ్చింది. గోనె, తడి, తాలు, అన్నీ చెప్పాను. నేను చెబుతున్నంతసేపూ బాపు తన మాటలను తానే మొదటిసారి వింటున్నట్టు నా పెదవుల వైపు చూస్తూ నిలబడ్డాడు.

తలకు ఆపరేషన్ చేశారు. చిన్నబాపు బతికాడు. నడక కొంత వచ్చింది, కుడిచెయ్యి రాలేదు. మాటలు చాలావరకు పోయాయి. మిగిలిన కొన్ని మాటల్లో ఒకటి మాత్రం ఎప్పుడూ స్పష్టంగా వచ్చేది. ముందు నీళ్ళు పెడితే ఆయన గ్లాసు పట్టుకునేవాడు, ఎత్తేవాడు కాదు. బాపు కోసం వెతికి, "తాగొచ్చునా అన్నా?" అని అడిగేవాడు. ఎండాకాలం దాహంతో నాలుక బయటపెట్టి కూడా అడిగేదాకా తాగేవాడు కాదు. "తాగురా సాంబా," అని బాపు అంటేనే గ్లాసు పెదవులకు తగిలేది. మేము చెప్పి చూశాం, నాయనమ్మ ఏడ్చి చూసింది. లాభం లేకపోయింది. బాపు గంజి నుంచి పొద్దున, మధ్యాహ్నం ఆ ఒక్క మాట అనడానికి ఇంటికి వచ్చి పోయేవాడు. ఒకరోజు గంజిలో ఆయన బస్తాలో చెయ్యి పెట్టి, కాయలు చెవి దగ్గర గలగలలాడించి, నోరు తెరిచి అట్లాగే నిలబడిపోయాడట. రైతు, సావుకారి ఇద్దరూ తరుగు ఎంతని అడుగుతూనే ఉన్నారట. ఆయన కాయలు బస్తాలో వేసి, చెయ్యి కడుక్కుని ఇంటికి వచ్చాడు. ఆ పనికి మళ్ళీ పోలేదు.

అప్పటి మా ఇంట్లో ప్రేమకు కొదవ లేదు. చిన్నబాపును ఆ గొంగడి కింద నిలబెట్టింది కూడా ఆ ప్రేమే. ఇప్పుడు మా వంశీ భుజాన నీళ్ళ సీసా లేకుండా గడప దాటడు. వ్యాయామశాలలో వాడికి ఎంత తాగాలో, ఎంత తినాలో చెప్పే మనిషి ఉన్నాడు. వాడు తప్పు చేస్తే ఆపడానికి తెలిసినవాళ్ళు చుట్టూ ఉన్నారు. మాలో సంగతి తెలిసినవాడు మాస్టర్ ఒక్కడే, ఆయన మాట మా లెక్క ముందు నిలవలేదు. అయినా వంశీ చూపించిన ఆ వరుసలోని పేర్లను చదువుతుంటే, ఆ సన్నని మనుషులు ఎంత దాహంతో ఆ తూకం ఎక్కి ఉంటారో అన్న ఆలోచన తప్ప నాకు మరొకటి రాలేదు.

బాపు ముందు పోయాడు. ఆ తరువాత చిన్నబాపు గ్లాసు పట్టుకుని బాపు మంచం వైపు చూసి అడిగేవాడు. మంచం వెనక నిలబడి మాలో ఎవరో ఒకరం "తాగురా సాంబా" అనేవాళ్ళం. అవ్వ అంటే కొన్నాళ్ళు నమ్మాడు, నేను అంటే కొన్నాళ్ళు నమ్మాడు. ఒక వానాకాలం జ్వరంతో ఆయన కూడా పోయాడు.

అప్పటికే నేను బడిలో టీచరుగా చేరి చాలా కాలమైంది. తరగతి మధ్యలో ఎవరో ఒక పిల్ల లేచి, "టీచర్, నీళ్ళు తాగొచ్చునా?" అని అడిగేది. ప్రతి బడిలో, ప్రతి రోజూ, ఎవరో ఒకరు అడిగే మాటే అది. నా చేతిలోని సుద్ద నల్లబల్ల మీద ఆగిపోయేది. వెనక్కి తిరిగితే ఆ పిల్ల పగిలిన పెదవులతో, పెద్ద కళ్ళతో నిలబడి ఉంటుందని భయం వేసేది. తిరిగి చూస్తే మామూలు పిల్లే. ప్రధానోపాధ్యాయురాలిని అయిన ఏడాది మొదటి ప్రార్థనా సమావేశంలో ఒక నియమం చెప్పాను. ఆ రోజు నుంచి నేను పని చేసిన బడుల్లో దాహమైన పిల్లలు ఎవరినీ అడగకుండా లేచి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చేవారు.